పీఠిక: నామం వెంట నడిచే క్రియ

ఒక భాషలోని ఒకే ఒక్క వాక్యాంగాన్ని చేపట్టి, దాని పుట్టుకను, నడకను, దానివల్ల మన పిల్లలకు కలిగే చిక్కును, ఆ చిక్కు విడివడే తీరును ఆమూలాగ్రం విచారించి ఒక గ్రంథంగా కూర్చడం మన ప్రాంతంలో తరచుగా జరిగే పని కాదు. ఇంగ్లీషులో నామవాచకం తరువాత వచ్చే విశేషణోపవాక్యంలో, అంటే మన బడుల్లో ‘రిలేటివ్ క్లాజ్’ అని వ్యవహరించే దానిలో, పర్‌ఫెక్ట్ టెన్సు ఎప్పుడు రావాలి, ఎప్పుడు రాకూడదు, దాని అంతరార్థమేమిటి అన్న ప్రశ్న తప్ప ఈ పుస్తకంలో వేరొక ప్రశ్న లేదు. విషయం చూడబోతే అంగుష్ఠమాత్రం. కాని అర్జీ రాసే నిరుద్యోగి నుంచి తీర్పు రాసే న్యాయాధికారి దాకా, రోగి చరిత్ర రాసుకునే వైద్యవిద్యార్థి నుంచి చరిత్ర గ్రంథం రాసే పండితుని దాకా ఇంగ్లీషుతో పనిపడిన ప్రతివారూ దినానికి పలుమార్లు ఈ వాక్యాంగాన్ని తొక్కుతూనే నడుస్తారు. అటువంటి దానికి ఒక నిండు గ్రంథం దక్కడం సముచితమే.

గ్రంథకర్త నామధేయం ముఖపత్రం మీదనే ఉన్నది గనుక దానిని నేను ఇక్కడ మరల ఉచ్చరించను. వయసులో వారు నాకు చిన్నవారు, ఓర్పులో నాకంటె పెద్దవారు. గుడియాత్తంలో పుట్టి, ఇంట తెలుగు, వీధిలో తమిళం, బడిలో ఇంగ్లీషు వింటూ పెరిగి, అదే ప్రాంతంలో చిరకాలం ఇంగ్లీషు ఉపాధ్యాయులుగా పనిచేసి, ఆ మూడు భాషల రాపిడిలో తమకు తోచిన సత్యాన్ని ఈనాడు మన ముందుంచుతున్నారు. నాలుగు మాటలు రాయమని వారు నన్ను కోరినది పెద్దరికానికి ఇచ్చిన మన్ననగా భావించి, ఈ గ్రంథం ఏ పరంపరలోనిదో, దీని సారం ఏమిటో చదువరులకు విన్నవించడం నా విధిగా తలచుతున్నాను.

ఈ సీమను ఎరగనివారికి, తమిళనాట తెలుగులో ఇంగ్లీషు వ్యాకరణమేమిటి అన్న సందేహం కలగవచ్చు. వేలూరు కోటను ఏలిన చిన్న బొమ్మనాయకుని ఆశ్రయంలో అప్పయ్య దీక్షితుల వంటి మహామనీషి సంస్కృతంలో శాస్త్రగ్రంథాలు రచించిన నేల ఇది. పాలకుల భాష ఒకటి, ప్రజల భాష మరొకటి, పండితుల భాష వేరొకటి అయి, ఆ మూడూ ఒకే ప్రాకారంలో మెలగడం ఈ ఊరికి నిన్నమొన్నటి అనుభవం కాదు. 1911 ఏప్రిల్ 1న చిత్తూరు జిల్లా వేరుపడేవరకు చిత్తూరూ, వేలూరూ, గుడియాత్తమూ ఉత్తర ఆర్కాటు అనే ఒకే జిల్లాలోనివి. చిత్తూరు చెంతనున్న కట్టమంచిలో 1880లో రామలింగారెడ్డిగారు జన్మించిననాడు అది ఉత్తర ఆర్కాటు జిల్లాయే. కేంబ్రిడ్జిలో చదివి, ఆంధ్ర విశ్వకళాపరిషత్తుకు ప్రథమ ఉపాధ్యక్షులై, తెలుగులోనూ ఇంగ్లీషులోనూ సమానధాటితో ప్రసంగించిన ఆ మహనీయుని వాగ్ధోరణిని మన పెద్దలు కథలుగా చెప్పుకునేవారు. తిరుత్తణిలో 1888లో తెలుగింట పుట్టిన సర్వేపల్లి రాధాకృష్ణన్‌గారు మద్రాసుకు పోవడానికి ముందు ఈ వేలూరులోని వూరీస్ కళాశాలలోనే విద్యార్థి. భారతీయ దర్శనాలను ఇంగ్లీషు పాఠకలోకానికి ప్రసన్నమైన శైలిలో విడమరచి చెప్పిన ఆ వాక్యనిర్మాణ పాటవానికి తొలిమెట్లలో ఒకటి మన ఊళ్ళోనే పడింది. 1960 ఏప్రిల్ 1న తిరుత్తణి మద్రాసు రాష్ట్రంలో చేరింది. జిల్లాలు విడిపోయాయి, రాష్ట్రాలు మారాయి. కాని పరదరామి మీదుగా చిత్తూరుకు పోయే బస్సులో ఈనాటికీ తెలుగు, తమిళం ఒకే సీటులో కూర్చుని ప్రయాణం చేస్తాయి. ఇటువంటి చోట పుట్టిన వ్యాకరణ జిజ్ఞాసకు వేరే సంజాయిషీ అక్కరలేదు.

ఇక విషయానికి వస్తాను. ‘వచ్చిన బస్సు’ అన్న రెండు మాటలను తీసుకొని గ్రంథకర్త తమ మొదటి ప్రకరణాన్ని నడిపించిన నేర్పు ఎన్నదగినది. గుడియాత్తం బస్టాండులో నిలబడి మనం ‘ఇప్పుడే వచ్చిన బస్సు చిత్తూరుది’ అంటాము. ‘నిన్న పొద్దున వచ్చిన బస్సు దారిలో చెడిపోయింది’ అంటాము. ‘మేము స్టాండుకు చేరేలోపే వచ్చిన బస్సులో సీట్లన్నీ నిండిపోయాయి’ అంటాము. ‘రేపు ముందు వచ్చిన బస్సు ఎక్కండి’ అనీ అంటాము. నాలుగు చోట్లా ‘వచ్చిన’ అన్న రూపం ఒక్కటే, రవ్వంత మార్పు లేదు. ఇంగ్లీషు మాత్రం నాలుగు చోట్లా నాలుగు దారులు తొక్కుతుంది. మొదటిదానికి ‘హాజ్ కమ్’, రెండవదానికి ‘కేమ్’, మూడవదానికి ‘హాడ్ కమ్’, నాలుగవదానికి ‘కమ్స్’. తెలుగు మాటలో భూతకాల ప్రత్యయం ఉన్నప్పటికీ అది సూచించేది కాలాన్ని కాదు, ప్రధానక్రియ కంటె ముందు ముగిసిన వ్యాపారాన్ని మాత్రమే. కనుకనే అది రేపటి బస్సుకు సైతం నిస్సంకోచంగా అతుకుతుంది. ఆ వ్యాపారం ఏనాటిదో ప్రధానక్రియ చెబుతుంది, లేదా ‘నిన్న’, ‘ఇప్పుడే’ వంటి మాట చెబుతుంది. ఇంగ్లీషు అట్లా ఊరుకోదు. నామం వెనుక వచ్చే ఆ ఉపవాక్యం తనంతట తానొక నిండు వాక్యం కనుక, దానిలోని క్రియ తన కాలాన్ని తానే ప్రకటించుకోవాలి. ముగిసిన పని ఇప్పటికి సంబంధించి నిలిచి ఉన్నదా, గతంలోనే ఒదిగిపోయిందా అన్నది కూడా తేల్చి చెప్పాలి.

ఈ భేదం తెలియనందువల్లనే ‘నిన్న నాకు అందిన ఉత్తరం’ అనవలసినచోట మన పిల్లలు ‘ద లెటర్ విచ్ ఐ హావ్ రిసీవ్డ్ ఎస్టర్డే’ అని రాస్తారు. నిన్న అని గతాన్ని గుంజకు కట్టివేసిన తరువాత ‘హావ్’ అనే మాటకు అక్కడ స్థానం లేదు. దీనినే తిరగవేసి, కేవలం గతమని చెబితే చాలినచోట ‘హాడ్’ను తెచ్చిపెట్టడం మరొక అలవాటు. గతంలో జరిగిన ఒక పనికి మరింత ముందు జరిగినదని చెప్పవలసిన అవసరం ఉన్నప్పుడే ‘హాడ్’ వస్తుందన్న సంగతిని గ్రంథకర్త ఒక ప్రకరణమంతా ఓపికగా నిరూపించారు. వాడుకలు దేశానికొక తీరుగా ఉంటాయనీ, ‘ఇప్పుడే’, ‘అప్పుడే’ అన్న అర్థం గల మాటలతో అమెరికావారు కేవల భూతకాలాన్నే తరచుగా వాడతారనీ వారు గుర్తించి చెప్పడం మెచ్చదగినది. మన బంధువర్గంలోని పిల్లలు అక్కడినుంచి వచ్చి మాట్లాడే మాటను తప్పని గద్దించే తాతలకు ఆ పుటలు ఉపకరిస్తాయి.

అట్లని తెలుగు దరిద్రమైనదనీ, కాలసూక్ష్మతను చెప్పలేని భాష అనీ ఎవరైనా తలిస్తే ఈ గ్రంథంలోని మూడవ ప్రకరణం వారి భ్రమను తొలగిస్తుంది. అక్కడ గ్రంథకర్త మన వేలూరు ఆసుపత్రిని ఉదాహరణగా గ్రహించారు. ఐడా స్కడర్ దొరసానిగారు 1900లో ఒకే మంచంతో ప్రారంభించి, 1918లో స్త్రీలకు వైద్యవిద్యాలయాన్ని నెలకొల్పగా పెరిగి పెద్దదైన ఆ వైద్యసంస్థకు తెలుగుదేశం నుంచి రోగులు ఎడతెగక వస్తుంటారు. వచ్చిన తల్లి డాక్టరుతో ‘మూడు రోజులుగా జ్వరం ఉన్న పిల్ల’ అంటే ఒక అర్థం, ‘మూడు రోజులు జ్వరం వచ్చిన పిల్ల’ అంటే మరొక అర్థం. మొదటి మాటలో పిల్ల ఒళ్ళు ఇంకా కాలుతూనే ఉన్నది. రెండవ మాటలో జ్వరం దిగిపోయింది. ఇంగ్లీషులో ఈ భేదాన్ని మోసేది క్రియ: మొదటిది ‘హూ హాజ్ హాడ్ ఫీవర్’, రెండవది ‘హూ హాడ్ ఫీవర్’. తెలుగులో క్రియ కూడా సాయపడుతుంది గాని, ప్రధానభారాన్ని మోసేది ‘రోజులు’, ‘రోజులుగా’ అన్న చోట చేరిన ఒక్క అక్షరం. ‘పొద్దుటి నుంచి కురుస్తున్న వాన’లో ‘నుంచి’ చేసే పనీ అదే. మనం వర్తమాన రూపం వాడినచోట ఇంగ్లీషువారు ‘హాజ్ బీన్ ఫాలింగ్’ అని పర్‌ఫెక్టును తెస్తారు; అది తెలియక మనవారు ‘విచ్ ఈజ్ ఫాలింగ్’ అని రాస్తారు. రెండు భాషలూ చెప్పే సంగతి ఒక్కటే, చెప్పే చోటు వేరు. తెలుగు కాలవాచకంలో దాచినదానిని ఇంగ్లీషు క్రియలో దాచింది అన్న ఈ ఒక్క గ్రహింపు కలిగితే సగం తప్పులు వాటంతట అవే తొలగుతాయి.

ఈ విచారణకు ఒక వంశక్రమం ఉన్నది. 1812లో మద్రాసులో సెంట్ జార్జి కోట కళాశాల ఏర్పడిన తరువాత, దొరతనం వారి ఉద్యోగులకు తెలుగు నేర్పడం కోసం ఎ.డి. కాంబెల్ 1816లో వ్యాకరణం ప్రకటించాడు. సి.పి. బ్రౌన్ వ్యాకరణం 1840లో వచ్చింది. కాల్డ్‌వెల్ 1856లో ద్రావిడభాషలన్నింటినీ కలిపి పరిశీలించాడు. ఆర్డెన్ 1873లో క్రమాభ్యాస పద్ధతిలో తెలుగు వ్యాకరణం కూర్చాడు. తమ భాషలోని ‘హూ’, ‘విచ్’ అన్న సర్వనామాలతో వారు కట్టే పెద్ద ఉపవాక్యాన్ని మనవారు ‘చేసిన’, ‘చేసే’ అన్న ఒక్క మాటతో నామానికి ముందే కట్టివేస్తారన్న సంగతిని ఆ పండితులు తమవారికి వివరించవలసి వచ్చింది. ఆ మాటకు వారు ‘రిలేటివ్ పార్టిసిపుల్’ అని పేరు పెట్టుకున్నారు. ఈ వైపున చెంగల్పట్టు సీమలో పుట్టి మద్రాసులో పండితపీఠాన్ని అధిష్ఠించిన పరవస్తు చిన్నయ సూరి 1858లో ‘బాలవ్యాకరణము’ వెలువరించి, ఆ రూపాన్ని ధాతుజ విశేషణమని శాస్త్రబద్ధం చేశాడు. తెలుగు వ్యాకరణానికి ప్రామాణిక గ్రంథం తమిళదేశపు నడిగడ్డ మీద రూపొందిందన్న సంగతిని మనం మరువరాదు.

ఇంగ్లీషువారు తెలుగు నేర్చుకోవడానికి ఇంతమంది శ్రమించగా, తెలుగువాడు ఇంగ్లీషు నేర్చుకునేటప్పుడు ఇదే గుమ్మం దగ్గర తట్టుకుని పడతాడని గుర్తించి, అతని వైపు నుంచి దీపం పట్టినవారు అరుదు. నెస్‌ఫీల్డు గాని, ఆ తరువాత తరతరాల విద్యార్థులను పెంచిన రెన్, మార్టిన్‌లు గాని యావద్భారతానికీ ఒకే పాఠం రాశారు. కాలాలను ఒకచోట, ఉపవాక్యాలను మరొకచోట చెప్పారు. ఆ రెండూ ఒకే వాక్యంలో కలుసుకున్నప్పుడు తెలుగు పిల్లవాని మనసులో ఏమి జరుగుతుందో చూడడం వారి పని కాలేదు. 1985 వ్యాకరణ విద్యార్థులకు శుభవత్సరం. ఆ ఏట ఒకవంక భద్రిరాజు కృష్ణమూర్తిగారూ గ్విన్ దొరగారూ కలిసి ఆధునిక తెలుగు వ్యాకరణాన్ని ఇంగ్లీషులో ప్రకటించారు. మరొకవంక క్వర్క్ మహాశయుడూ ఆయన సహచరులూ ఇంగ్లీషు భాషకు సమగ్ర వ్యాకరణం వెలువరించారు. ఆ రెండు గ్రంథాలనూ ఒకే బల్ల మీద పరచుకుని, సూరిని గురుస్థానంలో నిలుపుకుని రచించినదీ పుస్తకం.

దీనిలోని హృదయస్థానం ఐదవ ప్రకరణమని నా అభిప్రాయం. మన పత్రికల్లోని ఉద్యోగ ప్రకటనల్లోనూ, దరఖాస్తుల్లోనూ ‘కాండిడేట్స్ హావింగ్ పాస్డ్ బి.ఎ.’ అన్న ధోరణి వాక్యం తరచుగా కనబడుతుంది. ‘బి.ఎ. పాసైన అభ్యర్థులు’ అని రాసినవారి మనసులోని మాట. ఇంగ్లీషు చెవికి ఇది ఎందుకు ఇంపుగా లేదో చెప్పడానికి గ్రంథకర్త విదేశీ పరిభాషను ఆశ్రయించక మన సూరినే పిలిచారు. తెలుగులో ‘పాసై’ అన్నది క్త్వార్థకం, ‘పాసైన’ అన్నది ధాతుజ విశేషణం. మొదటిది క్రియ కోసం ఎదురుచూస్తుంది. ‘పాసై ఉద్యోగంలో చేరాడు’ అంటే గాని దానికి తృప్తి లేదు. రెండవది నామం కోసం ఎదురుచూస్తుంది. ‘పాసైన అబ్బాయి’ అంటే అక్కడికి అది నిండుతుంది. ఇంగ్లీషులో ‘హావింగ్ పాస్డ్’ అన్నది ‘పాసై’కి సాటి, ‘పాసైన’కు కాదు. మంత్రిగారు ప్రసంగం ముగించి వెళ్ళిపోయారు అనే అర్థంలో, అటూ ఇటూ కామాలు పెట్టి, ‘హావింగ్ ఫినిష్డ్’ అని రాస్తే అది నిర్దుష్టం; ఎందుకంటే అక్కడ ఆ పదబంధం మంత్రిగారిని తక్కిన మంత్రుల నుంచి వేరుచేసి చూపడం లేదు, వెళ్ళడమనే క్రియకు ముందరి పనిని చెబుతున్నది. ఏ అభ్యర్థులో ఎంచి చూపవలసి వచ్చినప్పుడు మాత్రం ‘హూ హావ్ పాస్డ్’ అన్న నిండు ఉపవాక్యమే నామం వెనుక నిలవాలి. ‘లైసెన్సు ఉన్నవారు’ అనే అర్థంలో ‘పర్సన్స్ హావింగ్ ఎ లైసెన్స్’ అన్నది ఎందుకు సాధువైనదో కూడా వారు మరువక చెప్పారు: అక్కడ ‘హావింగ్’ కలిగి ఉండడాన్ని చెబుతున్నది, ముగిసిన పనిని కాదు.

ఈ సూత్రాన్ని వారు విద్యార్థికి ఒక్క వాక్యంలో అందించారు: ముందు నీ మాటను తెలుగులో అనుకో, ‘చేసి’ అని వస్తే ‘హావింగ్’, ‘చేసిన’ అని వస్తే ‘హూ హాజ్’ లేదా దాని బంధువు. ఒక నకారం ఉన్నదా లేదా అన్న పరీక్షతో ఇంగ్లీషులోని ఒక జటిలమైన విభాగం తేలిపోతుంది. ఇంగ్లీషు నేర్చుకోవాలంటే తెలుగును గుమ్మం బయట విడిచి రావాలని బోధించే ఈ కాలంలో, తెలుగు వ్యాకరణం తెలిసినవాడికే ఇంగ్లీషులోని ఈ మర్మం సులభంగా దొరుకుతుందని నిరూపించడం ఈ గ్రంథం సాధించిన విజయం.

మరొక విశేషం. గుడియాత్తం బడిలో ఒకే బెంచీ మీద తెలుగు పిల్లా తమిళ పిల్లా పక్కపక్కన కూర్చుంటారు. మన ‘చేసి’కి తమిళంలో ‘సెయ్దు’, మన ‘చేసిన’కు ‘సెయ్ద’. మొదటిదాన్ని తమిళ వైయాకరణులు వినైయెచ్చమంటారు, అంటే క్రియతో పూరించవలసినది. రెండవదాన్ని పెయరెచ్చమంటారు, అంటే నామంతో పూరించవలసినది. కనుక ఒకే తాళపుచెవి రెండు ఇళ్ళకూ సరిపోయింది. 2006లో వచ్చిన తమిళ అభ్యసన చట్టం తరువాత ఈ రాష్ట్రంలోని తెలుగు పిల్లలు తమిళాన్ని బడిలో తప్పనిసరిగా చదువుతున్నారు గనుక, ఆ చదువు సైతం ఇంగ్లీషుకు సోపానం కాగలదని గ్రంథకర్త చూపడం కాలోచితమైన వివేకం. ఏ భాష మీదా అసూయ లేని మనసుకే ఇటువంటి చూపు అబ్బుతుంది.

ఇంగ్లీషు పర్‌ఫెక్టు చరిత్రను గురించిన ప్రకరణం పండితులకు విందు. పూర్వపు ఇంగ్లీషులో ఆ ‘హావ్’ కలిగి ఉండడాన్నే చెప్పేదనీ, ‘రాయబడిన ఉత్తరం నా దగ్గర ఉన్నది’ అన్న భావమే క్రమంగా ‘నేను ఉత్తరం రాసి ఉన్నాను’ అన్న అర్థంగా పరిణమించిందనీ, రాకపోకలను చెప్పే క్రియలతో ‘హావ్’కు బదులు ‘ఈజ్’ చేరే వాడుక చాలాకాలం నిలిచిందనీ, 1611 నాటి బైబిలు అనువాదంలో ఆ వాడుక ఇంకా కనబడుతుందనీ వారు విశదీకరించారు. కలిగి ఉండడానికి విడిగా ఒక క్రియ లేని తెలుగు, ఇదే అర్థానికి ‘ఉండు’ను ఆశ్రయించింది. మన దస్తావేజుల్లో ‘నాకు పిత్రార్జితంగా సంక్రమించియున్న స్థిరాస్తి’ అని లేఖరి రాసేటప్పుడు, సంక్రమించడం ఎన్నడో ముగిసినా ఆ హక్కు నేటికీ నిలిచి ఉన్నదన్న ఇంగ్లీషు పర్‌ఫెక్టు భావాన్నంతా ఆ ‘యున్న’లోనే ఇమిడ్చాడు. రిజిస్ట్రారు కచేరీ అరుగు మీద కూర్చున్న లేఖరికి తెలిసిన ఈ సూక్ష్మాన్ని తరగతి గదిలోకి తీసుకురావడమే వ్యాకరణవేత్త పని.

తక్కిన ప్రకరణాలను క్లుప్తంగా సూచిస్తాను. ‘నేను చదివిన పుస్తకాలలో ఇదే మంచిది’ వంటి వాక్యాల్లో, అన్నింటికంటె మేలైనది, మొదటిది, ఏకైకమైనది అని నామాన్ని విశేషించినప్పుడు ఇంగ్లీషు ఉపవాక్యం పర్‌ఫెక్టును ఎందుకు కోరుతుందో ఒకచోట ఉన్నది: జీవితారంభం నుంచి ఈ క్షణం వరకు గల అనుభవాన్నంతా లెక్కలోకి తీసుకుని చెప్పే మాట అది. ‘రాయడం పూర్తయినవాళ్ళు వెళ్ళవచ్చు’ అన్నప్పుడు ఇంకా జరగని పనికి సైతం ‘హావ్ ఫినిష్డ్’ చెల్లుతుందన్న సంగతి మరొకచోట ఉన్నది. ‘నేను రాసిన ఉత్తరం’, ‘నేను రాసిన కలం’, ‘నేను రాసిన రోజు’ అన్న మూడింటిలో తెలుగు దాచుకున్న సంబంధాలను ఇంగ్లీషు ‘విచ్’, ‘విత్ విచ్’, ‘ఆన్ విచ్’ అని ఎట్లా బయటపెట్టవలసి వస్తుందో చూపిన పుటలు అధ్యాపకులు తప్పక చదవదగినవి.

ఈ గ్రంథం వెనుక ఉన్న శ్రమను గురించి చెప్పకపోతే అపచారమవుతుంది. గ్రంథకర్త ఉదాహరణలను గదిలో కూర్చుని కల్పించలేదు. ఏళ్ళ తరబడి విద్యార్థుల జవాబు పత్రాల నుంచి, సెలవు చీటీల నుంచి, అర్జీల నుంచి, గోడ ప్రకటనల నుంచి వాక్యాలను ఏరి, రాసిన పిల్లవాని మాతృభాషను పక్కన గుర్తు పెట్టుకుని, ఆ వాక్యాన్ని అతనిచేతనే ఇంటిభాషలో చెప్పించి, పొరపాటు ఎక్కడ మొలకెత్తిందో వెదికారు. మగ్గం మీద తెగిన పోగును వేలికొసలతో వెదికి ముడివేసే గుడియాత్తం నేతగాని నిదానం వారి ప్రతి పుటలోనూ ఉన్నది. తప్పు రాసినవానిని పరిహసించిన వాక్యం ఈ గ్రంథమంతటిలో ఒక్కటి కూడా నాకు కనబడలేదు. తప్పును అజ్ఞానంగా గాక ఒక భాష మరొక భాష ద్వారా మాట్లాడిన మాటగా చూడడం పాండిత్యానికి మించిన సంస్కారం.

పెద్దవాడనైన నాకు రెండు మాటలు విన్నవించే స్వాతంత్ర్యం ఉన్నదని భావిస్తాను. మొదటిది, ‘హావింగ్ పాస్డ్’ విషయంలో గ్రంథకర్త తీర్పు కొంచెం కఠినమైనదేమో. మన దేశపు కచేరీల్లో అది వాడుకలో స్థిరపడి, రాసేవారికీ చదివేవారికీ సందేహం కలిగించని స్థితికి వచ్చింది. కోట్లమంది వాడే మాటకు వాడుకే కొంత ప్రమాణమని గిడుగు వారి శిష్టవ్యావహారిక ఉద్యమం మనకు నేర్పింది. ఆ న్యాయాన్ని తెలుగుకు వర్తింపజేసి ఇంగ్లీషుకు నిరాకరించడం కుదరదు. దేశాంతరంలోని పరీక్షకుని ముందు వాడవద్దని చెప్పి, ఇక్కడి కచేరీలో సహించవచ్చునని అంటే చాలునేమో. రెండవది, వ్యతిరేక రూపాన్ని గురించిన విచారణ నాకు చాలలేదు. ‘రాని బస్సు’ అన్నప్పుడు తెలుగులో కాలమే లేదు. ‘ఇంకా రాని బస్సు’, ‘నిన్న రాని బస్సు’, ‘ఆదివారాలు రాని బస్సు’ అన్న మూడింటికీ రూపమొక్కటే. ఇంగ్లీషులో మూడూ మూడు దారులు, అందులో మొదటిది మాత్రమే పర్‌ఫెక్టు. ‘వచ్చిన’ కంటె ‘రాని’ మన పిల్లలను ఎక్కువ తికమక పెడుతుంది. ద్వితీయ ముద్రణలో దీనికొక ప్రకరణాన్ని కేటాయించవలసిందిగా గ్రంథకర్తను కోరుతున్నాను. వారి సంచయంలో అందుకు తగిన సామగ్రి ఉన్నదని నేనెరుగుదును.

ఈ రెండూ గ్రంథగౌరవాన్ని తగ్గించేవి కావు. శాస్త్రం మీద చర్చ సాగడమే శాస్త్రానికి ఆయుష్షు. ఉపాధ్యాయులు దీనిని బల్ల మీద అలంకారంగా ఉంచక, ప్రకరణానికొక వారం చొప్పున తరగతిలో నడిపించి, తమ విద్యార్థుల వాక్యాలతో దీనిలోని సూత్రాలను పరీక్షించి, సరిపడని చోట గ్రంథకర్తకు ఉత్తరం రాయవలసిందిగా ప్రార్థిస్తున్నాను. విద్యార్థులు ఐదవ ప్రకరణంతో మొదలుపెట్టినా నష్టం లేదు. ఇంట తెలుగు మాట్లాడే పిల్లవాడు ఆ మాటను చూసి సిగ్గుపడక, అందులోని ‘చేసి’, ‘చేసిన’లను ఆసరాగా పట్టుకుని ఇంగ్లీషును చేరుకోగలిగితే, ఉత్తర ఆర్కాటు సీమ తెలుగువారి విద్యాపరంపరకు ఈ గ్రంథకర్త తమ వంతు ఋణం తీర్చుకున్నట్లే. వారికి ఆయురారోగ్యాలూ, రెండవ సంపుటానికి చాలినంత తీరికా కలగాలని ఆశీర్వదిస్తున్నాను.